ల్యాబ్‌లో చోటుందని పిల్లలకు తెలిసేదెలా?

సంపాదకులకు,

డిగ్రీ రోజుల్లో రెండు నెలలు ఒక సముద్ర పరిశోధనశాలలో పనిచేశాను. సముద్రపు నీటిని వడగట్టి, నీటితో కొట్టుకుపోయే చిన్న జీవులైన ప్లాంక్టన్‌ను మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడం నా పని. మొదటిరోజు అన్నీ మసక చుక్కలే. వారం తిరిగేసరికి రొయ్యలాంటి బుల్లి జీవి కోపిపాడ్ పొడవాటి మీసాలు, ఒకే కణం ఉండే నాచు డయాటమ్ గాజు పెంకు మీది గీతలు విడివిడిగా కనిపించాయి. ఈ రోజుకీ క్లాసులో ఆ పాఠం చెబుతుంటే అవే కళ్లముందు కదులుతాయి.

ఆ అవకాశం నాకు నోటిమాటగా తెలిసింది. నా విద్యార్థులదీ అదే పరిస్థితి. తెలిసినవాళ్లు ఉన్నవారికే కబురు అందుతోంది. పైగా స్టైపెండ్ లేదంటే ఇంటి బరువు మోసే పిల్లలు అక్కడే ఆగిపోతారు. పని ఏమిటో, ఎన్నాళ్లో, ఎంత ఇస్తారో ల్యాబ్‌లు ముందే ప్రకటించాలి.

జంతుశాస్త్రం వాళ్లకే చోటని అనుకోవద్దు. సముద్రంలో అత్యధికంగా ఉండే కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవి ప్రోక్లోరోకాకస్ 1980లలో బయటపడింది, లేజర్ కాంతితో కణాలను పరీక్షించే యంత్రాన్ని ఓడ ఎక్కించడం వల్లే. ఫిజిక్స్, కంప్యూటర్ చదివేవాళ్లూ కావాలి. పడవ పడనివాళ్లకు ఒడ్డున బోలెడు పని. ఈ మాట ప్రకటనలోనే రాయండి, దయచేసి.

– ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు