2024-25 వార్షిక నివేదిక: ఈ ఏడంతా నోటుబుక్కు గొడవే

హైదరాబాద్‌లో మెషీన్ల మీద లోహపు భాగాలు చేసే మన చిన్న షెడ్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం. కిందటేడు నివేదిక ఇరవై పేజీలు వచ్చింది, పూర్తిగా చదివినవాళ్లు ముగ్గురేనని సర్వసభ్య సమావేశంలో తేలిపోయింది. అందుకని ఈసారి అసలు సంగతులే రాస్తున్నాను.

పదిమందితో నడిచే షెడ్డులో కొత్త పని ఎలా నేర్చుకోవాలి, నేర్చుకున్నది చేజారకుండా ఎలా ఉంచుకోవాలి అన్నదే ఈ ఏడాది మన ప్రధాన చర్చ. జూన్‌లో ఒక సభ్యుడికి జరిగిన నష్టంతో ఇది మొదలైంది. పల్చటి గోడలున్న అల్యూమినియం హౌసింగులు (పెట్టెల్లాంటి తొడుగులు), డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో యాభయ్యో వంతు), ఏడాదిగా సాఫీగా పోతున్న జాబ్. మెషీన్‌లో పీసు బిగించి పని సిద్ధం చేసే సెట్టర్, చెల్లెలి పెళ్లికని పదిరోజులు ఊరెళ్లాడు. అదే మెషీన్, అదే ప్రోగ్రామ్, అయినా క్లాంపు విప్పగానే గోడలు విచ్చుకుంటున్నాయి, లాటంతా రిజెక్షన్. అతను తిరిగొచ్చాక అడిగితే తెలిసిందేంటంటే, రఫ్ కొట్టాక (మొదటి మోటు కోత అయ్యాక) పీసుల్ని విప్పి రాత్రంతా వదిలేస్తాడట, లోహంలో బిగువు తీరాక పొద్దున తక్కువ బిగింపుతో మళ్లీ కట్టి ఫినిషింగ్ కట్ తీస్తాడట. "ఎవరూ అడగలేదు కద్సార్" అన్నాడు. నిజమే, అడగలేదు.

అలా వచ్చింది నోటుబుక్కు ఆలోచన. జాబ్‌కో పుస్తకం, సెట్టర్ చెప్తుంటే ఐటీఐ కుర్రాడు రాసుకోవాలి. పద్నాలుగు షెడ్లు మొదలుపెట్టాయి, సగం రెండో నెలకే ఆపేశాయి (నాదీ అందులో ఒకటి, దాచడమెందుకు). తెలిసిందంతా రాసిచ్చేస్తే తనతో ఇక పనేముందంటారేమోనని సెట్టర్‌కి భయం. ఆ భయం తీరేలా జీతం పెంచినవాళ్ల దగ్గరే పుస్తకాలు నిండుతున్నాయి.

ఆగస్టు సమావేశానికి ప్రభుత్వరంగ సంస్థలో రిటైరైన ఇంజినీరు గారొకరు వచ్చి మన పాత కథ గుర్తుచేశారు. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ, 1970లో క్షిపణులు చేసే బీడీఎల్, అదే ఏడాది బాలానగర్‌లోనే కచ్చితమైన యంత్రభాగాలు చేసే ఎంటీఏఆర్ వచ్చాయి. పెద్ద సంస్థలు ఆర్డర్లు ఇవ్వడంతో ఊరుకోలేదు, పీసు రిజెక్ట్ చేస్తే ఎందుకు చేశామో కూర్చోబెట్టి చెప్పేవాళ్లని ఆయన అన్నారు. ఊళ్లో పని పెరగడానికి పన్ను రాయితీల కన్నా అదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ పాత్ర కొంతవరకు స్టార్టప్‌లు తీసుకుంటున్నాయి. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరాక మనలో చాలామందికి ఆశ పుట్టింది. స్టార్టప్‌లతో టెన్షనే, డ్రాయింగ్ వారానికోసారి మారుతుందని కొందరు వాపోయారు. మారనివ్వండి, కొత్త పని నేర్చుకునేది అక్కడే. కాకపోతే డెవలప్‌మెంట్ పీసుకి (డ్రాయింగ్ ఇంకా మారుతున్న నమూనాకి) వేరే రేటు కోట్ చేయండి, మామూలు జాబ్‌వర్క్ రేటుకి ఒప్పుకుని తర్వాత నన్ను తిట్టొద్దు.

పేమెంట్ల సంగతి ఎప్పటిలాగే. 2006 ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం కొన్నవాళ్లు డబ్బు కట్టడానికి 45 రోజులు దాటకూడదు. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా కట్టకపోతే ఆ ఏడాది ఆ ఖర్చు పన్ను లెక్కలో చూపించుకోవడం కుదరదని 2023-24 నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. అయినా మన సభ్యుడొకరిని "ఉద్యమ్ నంబరు ఇన్‌వాయిస్ మీద వేయకండి" అని ఒక కొనుగోలుదారు అడిగారు (మనది చిన్న సంస్థ అని చూపే రిజిస్ట్రేషన్ నంబరు అది). వేయండి. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ కట్టుకుంటూ కొత్త ఫిక్చర్ (పీసుని పట్టి ఉంచే సాధనం) ఎవడు చేయిస్తాడు?

లెక్కలు ఆడిటర్ దగ్గరున్నాయి, సమావేశంలో పెడతాం. అందరం కలిసి కొనాలనుకున్న సీఎంఎం మెషీన్ (పీసు కొలతలు కచ్చితంగా చూసేది) మాత్రం ఎవరి షెడ్డులో పెట్టాలో తేలక ఆగిపోయింది. గది 20 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, కరెంటు బిల్లు మాట రాగానే అందరూ పక్కవాడి వైపు చూశారు. వచ్చే నెల మొదటి శనివారం ఆ ఒక్క విషయానికే కూర్చుందాం. వచ్చేటప్పుడు నోటుబుక్కులు తెచ్చుకోండి, ఖాళీవైనా సరే.

మీ కార్యదర్శి