పిల్లలతో నెదర్లాండ్స్ హాలిడే పార్కు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్తే.

మే నెలలో పిల్లల్ని, అత్తమ్మావాళ్లని తీసుకుని నెదర్లాండ్స్‌లో ఒక హాలిడే పార్కుకి (అద్దె కాటేజీలు, ఈత కొలను అన్నీ ఒకేచోట ఉండే పార్కు) వెళ్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలో చెప్పండని జర్మనీలో మేముండే డ్యూసెల్‌డోర్ఫ్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లని అడిగాను. ఐదేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ, ఏ దేశంలో ఉన్నా పొద్దున ఐదింటికే లేచి చాయ్ అడిగే మామయ్య. ఇదీ మా బలగం. జవాబులు కుప్పలుగా వచ్చాయి. కొందరైతే ఫోన్ చేసి మరీ చెప్పారు. ఊరికే ఒక దండం బొమ్మ పెట్టి వదిలేయడానికి మనసొప్పలేదు. ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఏమీ అనుకోకండి.

ముందు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉండే నిజామాబాద్ అన్నయ్యకి, వదినకి. ఏప్రిల్ చివర, మే మొదట్లో డచ్ స్కూళ్లకి సెలవులుంటాయి, అవి అయిపోయాక, ఇటు జర్మనీలో పెంతెకొస్తు సెలవులు మొదలవకముందు దొరికే సందు చూసుకోమని చెప్పింది అన్నయ్యే. అందులోనూ శుక్రవారం నుంచి సోమవారం కాకుండా, సోమవారం నుంచి శుక్రవారం తీసుకోమన్నారు. అలా చేస్తే రేటు నిజంగానే బాగా తగ్గింది. పాప ఇంకా బడిలో చేరలేదు కాబట్టి ఈ సుఖం. చేరాక అందరితో పాటు సెలవుల రేట్లే కట్టుకోవాలి. కింది అంతస్తులోనే ఒక పడకగది ఉన్న ఇల్లు చూసుకోమన్నది వదిన. అక్కడి కాటేజీల్లో చాలావాటికి పడకగదులు పైనే ఉంటాయట, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయట. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే అత్తమ్మ హాల్లో సోఫా మీద పడుకోవాల్సి వచ్చేది. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిసి ఉన్నాయో లేదో చూసుకోమని, ఇండక్షన్ పొయ్యి అయితే మన అల్యూమినియం కుక్కర్ పనిచేయదని, అడుగున స్టీలు ఉన్నదే పెట్టుకోమని కూడా వదినే గుర్తుచేసింది. మాకు ఇండక్షనే తగిలింది. మూడు విజిల్స్‌కి పప్పు ఉడికినప్పుడల్లా వదినని తలుచుకున్నాం.

పార్కు ఉన్నది లింబుర్గ్ రాష్ట్రంలో, పీల్ అనే ప్రాంతంలో. పక్క ఊరి పేరు అమెరికా. నిజంగానే, బోర్డు మీద అమెరికా అనే ఉంటుంది. మామయ్య ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగి కరీంనగర్‌లో చుట్టాలందరికీ పంపారు. "వీసా ఎప్పుడొచ్చింది బావా" అని అటునుంచి వరుసగా ఫోన్లు. ఆయన ఇప్పటికీ ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు.

అత్తమ్మావాళ్లది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేదే కానీ ఒక్కసారే లోపలికి రానిచ్చేది. జర్మనీ దాటితే మళ్లీ రానిస్తారో లేదో అని మాకు టెన్షన్. షెంగెన్ లోపల దేశం మారితే అది బయటికి వెళ్లినట్టు లెక్క కాదు, భయపడకండి, కానీ పాస్‌పోర్టులు మాత్రం అసలువే దగ్గరుంచుకోండి అని కొలోన్ నుంచి ఒక తమ్ముడు వివరంగా చెప్పాడు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ, అదే ఏడాది డిసెంబర్ నుంచి నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర తనిఖీలు పెట్టాయని కూడా అతనే చెప్పాడు. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపలేదు. వచ్చేటప్పుడు జర్మనీ పోలీసులు కారు పక్కకి పెట్టమన్నారు. మామయ్య తన ఫైలు మొత్తం తీసి ఇచ్చారు: పాస్‌పోర్టులు, 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం, మా పెళ్లి సర్టిఫికెట్, ఆయన పెన్షన్ పుస్తకం. అక్కడి పోలీసు అమ్మాయి పాస్‌పోర్టులు మాత్రం చూసి, మిగతాది జాగ్రత్తగా మళ్లీ ఫైల్లో సర్ది ఇచ్చింది. ఆమెకి కూడా థ్యాంక్స్. తమ్ముడూ, నీ పుణ్యమా అని మా ఆయన ఆ ఐదు నిమిషాలూ నవ్వుతూ కూర్చోగలిగారు. లేకపోతే ఆయన సంగతి మీకు తెలుసు.

పార్కు లోపలికి కార్లు రానివ్వరు. సామాను దించుకుని కారు బయట పెద్ద పార్కింగులో పెట్టి రావాలి. లోపలంతా నడక, సైకిళ్లు. పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే నాలుగు చక్రాల బండి ఉంటుంది, బొల్డర్‌కార్ అంటారు. అక్కడ అద్దెకిస్తారు కానీ, అన్నయ్యావాళ్లు తమదే ఇచ్చారు. దాని కోసమే వాళ్లింటికి వెళ్లి, భోజనం కూడా చేసి వచ్చాం. ఈత కొట్టి అలసిపోయిన పిల్లలు నడవమంటే నడవరు. ఆ బండి లేకపోతే సాయంత్రాలు ఇద్దర్నీ చెరో చంకన మోయడమే అయ్యేది.

ఇప్పుడు పక్క కాటేజీ తాతగారి గురించి చెప్పాలి. ఆయనకి తెలుగు రాదు, ఈ పోస్టు చదవరు, అయినా చెప్పాలి. దిగిన సాయంత్రమే అత్తమ్మ పులిహోర కలుపుదామని ఎండుమిర్చి, ఆవాలు వేసి పోపు పెట్టింది. చెక్క ఇల్లు, తక్కువ ఎత్తు కప్పు, వంటగదీ హాలూ ఒకటే. పొగ అలారం అరవడం మొదలుపెట్టింది. బాబు ఏడుపు, పాప చెవులు మూసుకుని కేకలు, అత్తమ్మ చేతిలో గరిటె. నిక్కర్లో ఉన్న ఒక పెద్దాయన తలుపు తట్టి, లోపలికి వచ్చి, తోట వైపు అద్దాల తలుపు పూర్తిగా తెరిచి, కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారం కింద విసిరారు. ఆగింది. అప్పుడు పేరు చెప్పి చెయ్యి కలిపారు. అత్తమ్మ ఆయనకి గిన్నెడు పులిహోర ఇచ్చింది. వద్దనలేక తీసుకున్నారనుకున్నాం. మర్నాడు ఖాళీ గిన్నె కడిగి తెచ్చి, నిండా స్ట్రాబెర్రీలు పోసి ఇచ్చారు. ఇంట్లో పోపు పెట్టేటప్పుడు తలుపు తెరిచి, చిమ్నీ ఫ్యాన్ పూర్తిగా పెట్టుకోవాలనే మాట మిగతావాళ్లకి కూడా పనికొస్తుందని ఇక్కడ చేరుస్తున్నాను.

ఆయన ఆ ప్రాంతం మనిషే. ఇలాంటి పార్కులు మొదలైంది మా దగ్గరే అని గర్వంగా చెప్పారు. అక్కడికి దగ్గర్లోనే ర్యూవర్ అనే ఊళ్లో 1968లో పీట్ డెర్క్‌సెన్ అనే ఆయన, క్రీడా సామగ్రి దుకాణాలు నడిపేవాడు, అడవిలో చిన్న చిన్న ఇళ్లు కట్టి పట్నం కుటుంబాలకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడట. అదే తర్వాత సెంటర్ పార్క్స్ అనే హాలిడే పార్కుల కంపెనీ అయింది. 1980లో ఇంకో పార్కులో పెద్ద అద్దాల కప్పు కింద వేడినీళ్ల కొలను కట్టాక అందరూ ఆ దారి పట్టారట. ఎందుకు పట్టారో మాకు మర్నాడే అర్థమైంది. బయట రోజంతా వాన, లోపల తాటిచెట్లు.

ఆ కొలను దగ్గర ఎసెన్ ఊళ్లో ఉండే అక్కని తలుచుకోవాలి. డచ్ పిల్లలు చిన్నప్పుడే ఈత డిప్లొమా తీసుకుంటారు, ఎ, బి, సి అని మూడుంటాయి. దేశమంతా కాలువలే కాబట్టి తల్లిదండ్రులు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. డిప్లొమా లేని పిల్లలకి చేతులకి గాలి బ్యాండ్లు ఉండాల్సిందే, మీ సైజువి మీరే పట్టుకెళ్లండి అని అక్క ముందే చెప్పింది. బాబుకి ఈత డైపర్లు, నాకు పొడుగు చేతుల లైక్రా ఈత డ్రెస్సు ఎక్కడ దొరుకుతాయో కూడా తనే చెప్పింది. కాటన్ లెగ్గింగులతో దిగనివ్వరన్న సంగతి ఆడవాళ్లెవరైనా చెబితేనే తెలుస్తుంది కదా. గంట మోగితే అలలు మొదలవుతాయి. మొదటి గంటకే బాబు బ్యాండు ఒకటి జారింది. మేం చూసేలోపే అక్కడి లైఫ్‌గార్డు అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, వాడితో డచ్‌లో ఏదో ముచ్చటపెడుతూ బ్యాండు సరిచేసి, ఇంకొంచెం గాలి ఊది పంపింది. వాడు ఆమె చెప్పిన ప్రతి మాటకీ తల ఊపాడు. అత్తమ్మ చీరలో ఒడ్డున కాఫీ బల్ల దగ్గర కూర్చుని, "కరీంనగర్ ఎండలు తప్పిచ్చుకోని వస్తే గీడ అద్దాల ఇంట్ల ఉక్కపోత" అని నవ్వుతూనే ఉంది.

ఇక అసలు సంగతి. ఒక రాత్రి బాబుకి జ్వరం వచ్చింది. 39.6. చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. మా ఆయన కారు తాళం తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్దామని లేచారు. నేను ఖమ్మం చెల్లికి మెసేజ్ పెట్టాను. జర్మనీలోనే నర్సుగా చేస్తుంది, ఆ రోజు నైట్ డ్యూటీలో ఉంది. క్షణంలో జవాబిచ్చింది: "అక్కా, నేరుగా వెళ్లొద్దు. అక్కడ రాత్రిళ్లు, వారాంతాలు హౌస్‌ఆర్ట్‌సెన్‌పోస్ట్ అని, డ్యూటీలో ఉండే ఫ్యామిలీ డాక్టర్ల కేంద్రం ఉంటుంది, ముందు ఫోన్ చేయాలి, వాళ్లు రమ్మంటేనే వెళ్లాలి. ఊపిరాడకపోయినా, పిల్లాడు స్పృహలో లేకపోయినా మాత్రం ఆగకుండా 112." అది చదివాక చేతుల వణుకు తగ్గింది. ఏం చేయాలో తెలియడమే సగం ధైర్యం.

ఫోన్లో మాట్లాడినామె ఇంగ్లీషు చక్కగా మాట్లాడింది. జ్వరం ఎంత అన్నదానికన్నా మిగతావే ఎక్కువ అడిగింది. ఊపిరి ఎలా తీసుకుంటున్నాడు, ఏమైనా తాగుతున్నాడా, డైపర్ చివరిసారి ఎప్పుడు తడిసింది, గడ్డం ఛాతీకి ఆనించగలుగుతున్నాడా, ఒంటి మీద మచ్చలున్నాయా, ఉంటే గాజు గ్లాసుతో నొక్కినప్పుడు పోతున్నాయా. దగ్గర్లోని వెన్లో అనే ఊరికి రమ్మని టైమ్ ఇచ్చింది. కారేమో బయట పార్కింగులో, చీకటి, సన్నగా వాన. మా లైట్లు చూసి పక్కింటి తాతగారే మళ్లీ వచ్చారు. తన సైకిల్, దాని లైటు, తన వాన కోటు మా ఆయనకిచ్చి పంపారు. సైకిల్ తొక్కి ఏళ్లయిన మా ఆయన ఆ వానలో ఎలా వెళ్లారో గానీ, కారు మాత్రం త్వరగానే తెచ్చారు.

డాక్టరు చెవులు, గొంతు, ఛాతీ అన్నీ చూసి మధ్య చెవిలో ఇన్ఫెక్షన్ అన్నాడు. ఇప్పుడే యాంటీబయాటిక్ అక్కర్లేదు, బరువును బట్టి ఇంత పారాసిటమాల్, ఇన్ని గంటలకోసారి అని కాగితం మీద రాసిచ్చాడు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చెవి వెనక వాచినా, పిల్లాడు మరీ మత్తుగా ఉన్నా మళ్లీ ఫోన్ చేయమన్నాడు. యూరప్‌లో యాంటీబయాటిక్స్ అతి తక్కువ వాడే దేశాల్లో నెదర్లాండ్స్ ఒకటని చెల్లి తర్వాత చెప్పింది. మందు నోట్లో పోస్తే వాడు కక్కేశాడని చెబితే, వెనకనుంచి పెట్టే మాత్రలు ఇచ్చారు. అక్కడ పిల్లలకి అదే అలవాటట. తిరిగొచ్చి చెబితే అత్తమ్మ మొహం చూడాలి: "గింత రాత్రి గంత దూరం పోయి జరం గోలి తెచ్చిండ్రా?" కానీ తెల్లారేసరికి వాడు లేచి ఇడ్లీ అడిగాడు. తర్వాత ఆ గోలీని ఆమె ఒక్క మాట అనలేదు.

డబ్బు కూడా అడగలేదు. జర్మనీ పబ్లిక్ ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపే యూరోపియన్ కార్డు అని, అది నెదర్లాండ్స్‌లో మనకీ చెల్లుతుందని, అత్తమ్మావాళ్లకి మాత్రం వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్సే దిక్కని చెప్పింది కూడా ఆ ఖమ్మం చెల్లే. నైట్ డ్యూటీ మధ్యలో, చాయ్ తాగే టైములో, ముఖం కూడా చూడని మా కోసం ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. చెల్లీ, నీకు చీర పెట్టాలని అత్తమ్మ పట్టు. అడ్రస్ పంపవా, ఎన్నిసార్లు అడిగినా మాట దాటేస్తున్నావు.

ఆకెన్ ఊళ్లో ఉండే బాబాయికి కూడా థ్యాంక్స్. గడ్డిలో, పొదల్లో పిడుదులుంటాయి, రోజూ సాయంత్రం మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక చూడండి అని పదిసార్లు చెబితే నవ్వుకున్నాం. పాప మోకాలి వెనక ఒకటి దొరికింది. ఆయన చెప్పినట్టే నూనె, సబ్బు ఏమీ రాయకుండా, చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి మెల్లగా లాగేశాం. తేదీ రాసి పెట్టుకున్నాం. అక్కడ ఎర్రటి వలయం పెరుగుతుందేమోనని కొన్ని వారాలు చూడమన్నారు. ఇప్పటిదాకా ఏమీ లేదు.

దగ్గర్లోని టోవర్‌లాండ్ అనే ఎమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్లమన్న వాళ్లకీ థ్యాంక్స్. వానపడినా లోపలి హాళ్లలో చిన్నపిల్లలకి బోలెడు ఆటలు. మా ఆయన చెక్క రోలర్ కోస్టర్ ఎక్కి దిగాక కాసేపు మాట్లాడలేదు. అంతకుమించి అక్కడ చెప్పుకోవడానికేం లేదు.

బొల్డర్‌కార్ కడిగి ఐండ్‌హోవెన్‌లో ఇచ్చేశాం. దాని వాన కవరు మాత్రం మా కారు డిక్కీలో ఉండిపోయింది. అన్నయ్యా, వచ్చే శనివారం మీవైపు వస్తున్నాం, తెస్తాను. వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్లేవాళ్లెవరైనా ఉంటే మా దగ్గర స్టీలు అడుగు కుక్కర్, ఒక ప్యాకెట్ ఈత డైపర్లు, పిడుదుల పట్టకారు ఉన్నాయి. డ్యూసెల్‌డోర్ఫ్‌లో సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. డైపర్లు తిరిగివ్వక్కర్లేదు.