స్టాప్ మోషన్ మీద బ్లర్ వేయకండి

ఫ్రెండ్స్, నిన్న నేను పెట్టిన బొమ్మల కొలువు రీల్‌లో బొమ్మలు నూనె మీద జారుతున్నట్టు ఉన్నాయన్నారు కదా, తప్పు నాదే. స్టాప్ మోషన్ (బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫొటోలు కలిపి చేసే వీడియో) మీద మోషన్ బ్లర్ (కదిలేది చెరిగినట్టు కనిపించే ఎఫెక్ట్) వేసేశాను.

బొమ్మ కదలకుండా ఉన్నప్పుడే ఫొటో తీస్తాం కాబట్టి ప్రతి ఫ్రేమూ స్పష్టంగా ఉంటుంది. అందువల్ల కదలికలో వచ్చే చిన్న కుదుపే దాని అందం. సెకనుకి 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక్కో ఫొటోని రెండు ఫ్రేములు ఉంచితే సెకనుకి 12 ఫొటోలు చాలు, పది సెకన్లకి 120. ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (వెలుగు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) లాక్ చేయండి. కిటికీ పక్కన తీయొద్దు, మబ్బు పట్టినప్పుడల్లా వెలుగు మారి వీడియో మినుకుమినుకుమంటుంది (నాకు అదీ అయింది). మామూలు వీడియోకే ఆ లుక్ కావాలంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పోస్టరైజ్ టైమ్ (సెకనుకి కనిపించే ఫ్రేముల్ని తగ్గించే ఎఫెక్ట్) వేసి 12 పెట్టండి.

బ్లర్ నప్పేది ఎగిరొచ్చే టైటిల్స్‌కి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు మోషన్ కంట్రోల్స్‌తో కదిపితే బ్లర్ రాదు. ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్ట్ వేసి, కీఫ్రేములు (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు) అందులోనే పెట్టి, కంపోజిషన్ షట్టర్ యాంగిల్ టిక్ తీసేసి, షట్టర్ యాంగిల్ (బ్లర్ ఎంత ఉండాలో చెప్పే అంకె) 180 ఇవ్వండి. 360 ఇస్తే అక్షరాలు అలికేసినట్టు అవుతాయి.

సరిచేసిన రీల్ రాత్రికి పెడతాను.