మొగిలి ఘాటులో ఆగిన కారు: బాగుచేయించాలా, మార్చేయాలా?

బెంగళూరు,
23 నవంబరు 2025.

ప్రియమైన మిత్రమా,

దసరా సెలవులు అయిపోయిన వారంలో నువ్వు ఫోన్ చేసి, "పదమూడేళ్ల బండిని ఇంకా పట్టుకుని వేలాడతావెందుకు, వచ్చిన కాడికి అమ్మేసి కొత్తది కొనుక్కో" అన్నావు. ఆ రోజు నా మనసు మనసులో లేదు, అందుకే సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది కనుక, నేనేం చేశానో, ఎందుకు చేశానో మొదటి నుంచీ రాస్తున్నాను. నీ కారూ మా కారుతో పాటే కొన్నదే కదా, రేపు నీకు ఇలాంటి అవసరం రాకూడదనే కోరుకుంటాను, వస్తే మాత్రం ఈ ఉత్తరం పనికొస్తుంది.

అక్టోబరు 5, ఆదివారం. చిత్తూరులో అత్తగారింటి నుంచి తిరిగి వస్తున్నాం. బండిలో ఐదుగురం, డిక్కీ నిండా బియ్యం, మామిడి తాండ్ర, పచ్చళ్ల జాడీలు, పైగా ఏసీ వేసి ఉంది. బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కుతుండగా లోపలికి ఏదో తియ్యటి వాసన వచ్చింది. తాండ్ర వాసనేమో అనుకున్నాం. అది కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, ఆవిరవుతున్న వాసన. కాసేపటికి టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాకా పాకింది. ఏసీ ఆపాను. ముల్లు మెల్లగా మళ్లీ సగానికి దిగింది. గండం గడిచిందనుకుని ఇంకో రెండు మూడు కిలోమీటర్లు అలాగే ఎక్కించాను. ఇంజను ఒక్కసారిగా గరగరమని వణికి, పలమనేరు ఇంకా రాకముందే ఆగిపోయింది.

ఆ ముల్లు దిగడమే నన్ను మోసం చేసింది. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో. వేడిని కొలిచే సెన్సరు కూలెంటులో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. కూలెంటంతా కారిపోయి దాని చుట్టూ గాలి, ఆవిరి మాత్రమే మిగిలితే ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ఎర్రగీత దగ్గరికి వెళ్లిన ముల్లు దానంతటదే దిగితే సంతోషించకూడదు, అక్కడికక్కడ బండి పక్కన పెట్టి ఇంజను ఆపేయాలి. రేడియేటరు మూత అప్పుడే తీయకూడదు, వేడి ఇంజను మీద చల్లనీళ్లు పోయకూడదు. నేను ఆ రెండూ చేయలేదు కానీ ఆపడం ఆలస్యం చేశాను. పిల్లలను, సామానును బస్సెక్కించి, కారును క్రేను బండి మీద బెంగళూరుకు చేర్చేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు ఒక పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. అక్కడ ఇంజను విప్పకుండానే, ఆయిలు కొలిచే కమ్మి, డిప్‌స్టిక్, లాగి చూసి, "ఆయిల్లో నీళ్లు కలిశాయి, ఇంజను మార్చాల్సిందే, కూలీతో కలిపి 1,90,000 అవుతుంది" అని అంచనా కాగితం చేతిలో పెట్టారు. డిప్‌స్టిక్ నేనూ చూశాను. మామూలుగా గోధుమరంగులోనో నల్లగానో ఉండే ఆయిలు పాలు ఎక్కువైన కాఫీలా, నురగతో ఉంది. అదే సాయంత్రం పాత కార్లు కొనే ఇద్దరిని అడిగితే, నడిచే స్థితిలో ఉంటే 1,80,000 దాకా ఇస్తామన్నారు, ఇలా ఉన్నదున్నట్టు అయితే 55,000 అన్నారు. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేస్తే, ఇది ప్రమాదం కాదు, యంత్రం దానంతటది చెడిపోవడం, మామూలు పాలసీలో దీనికి డబ్బు రాదన్నారు. నువ్వు ఫోన్ చేసింది సరిగ్గా ఈ మూడు జవాబులూ విన్న రాత్రి. ఆ అంకెలు మాత్రమే చూస్తే నీ మాటే సబబు. 1,80,000 బండికి 1,90,000 ఎవరు పెడతారు?

అయితే నాకు ఒక్కటి మింగుడు పడలేదు. లోపల ఏం చెడిందో ఎవరూ చూడలేదు. ఇంజను కింది భాగం బ్లాకు, దాని మీద మూతలా కూర్చునేది హెడ్డు, రెంటి మధ్య కారకుండా పెట్టే పలుచటి పొర హెడ్ గాస్కెట్. ఆయిల్లో నీళ్లు కలవడానికి కారణం ఆ గాస్కెట్ పోవడం కావచ్చు, హెడ్డు వంగడం కావచ్చు, పగలడం కావచ్చు, బ్లాకే చిట్లి ఉండవచ్చు. మొదటిదానికి, చివరిదానికి ఖర్చులో నాలుగైదు రెట్ల తేడా ఉంటుంది. జబ్బు పేరు తెలియకుండా ఆపరేషనుకు ఒప్పుకోవడమూ తప్పే, రోగిని వదిలేసుకోవడమూ తప్పే. అందుకని కె.ఆర్.పురంలో మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన ఒక మెకానిక్ షెడ్డుకు బండిని లాగించాను. మా కాలనీలో నాలుగు ఇళ్లవాళ్లు ఆయన దగ్గరికే వెళతారు. "సార్, హెడ్డు దించేదాకా నేను ఏ మాటా చెప్పను. దించి చూడడానికి 6,000. చూశాక మీరు వద్దంటే అక్కడితో ఆపేద్దాం" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు ఆ 6,000.

దించేముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, చూశాడు. ఒకటో, నాలుగో సిలిండర్లు చదరపు సెంటీమీటరుకు 12 కిలోలు చూపించాయి. రెండోది, మూడోది మాత్రం నాలుగేసి కిలోల దగ్గరే ఆగాయి. ప్లగ్గు రంధ్రంలోంచి ఆ రెండింటిలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూస్తే అంకె పెరగలేదు. పెరిగి ఉంటే పిస్టన్ రింగులు పోయినట్టు, అంటే ఇంజను లోపల అరిగిపోయినట్టు లెక్క అని, పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయాయి కాబట్టి వాటి మధ్య గాస్కెట్ తెగి ఉంటుందని చెప్పాడు. హెడ్డు దించాక అదే కనిపించింది. రెండో, మూడో సిలిండర్ల మధ్య సన్నటి భాగంలో గాస్కెట్ మాడి, బూడిద రంగు చార మిగిలింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని నా కళ్లకు ఇంకా కట్టినట్టు ఉంది. హెడ్డును బల్ల మీద బోర్లా పెట్టి, తుడిచి, దాని మీద అడ్డంగా ఒక ఉక్కు స్కేలు నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేశాడు. స్కేలు కింద మధ్యలో జుట్టంత వెలుగు గీత. రేకుల గేజిలో 0.15 మిల్లీమీటర్ల రేకు ఆ సందులోంచి సులువుగా వచ్చేసింది. 0.05 దాటితే పనికిరాదట. అల్యూమినియం హెడ్డు కదా, అతిగా వేడెక్కితే వంగుతుంది. "వంగితే ఫేసింగ్ కొట్టించి చదును చేయొచ్చు సార్, పగిలితేనే కష్టం" అని లేత్ షాపుకు పంపాడు. అక్కడ దాని దారులన్నీ మూసి, లోపలికి గాలి పట్టి, వేడినీళ్ల తొట్టిలో ముంచారు. బుడగలు వస్తాయేమోనని పావుగంట సేపు ఆ తొట్టి పక్కనే నిలబడ్డాను. ఒక్కటీ రాలేదు.

సిలిండరు గోడల మీద ఫ్యాక్టరీలో గీసిన అడ్డగీతలు ఇంకా చెరిగిపోలేదు, అంటే గోడలు అరగలేదు. ఇంజను అడుగున ఆయిలు నిలిచే సంపు దించి ఒక బేరింగు తీసి చూపించాడు, పైపూత చెక్కుచెదరలేదు, కింది రాగిరంగు ఎక్కడా బయటపడలేదు. ఇంతకూ ఇదంతా ఎక్కడ మొదలైందంటే, హీటరుకు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద చిట్లింది. కొన్ని వందల రూపాయల సరుకు. పదమూడేళ్లలో దాన్ని ఒక్కసారీ మార్చలేదు, మార్చమని అడగాలని నాకూ తోచలేదు.

ఇక నిర్ణయం. బాగుచేసే ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయాలని అందరూ అంటారు. ఆ సూత్రం నాకు నచ్చలేదు. అమ్మకపు విలువంటే ముక్కూ మొహం తెలియనివాడు దానికిచ్చే ధర. నేను తెలుసుకోవాల్సింది, నాకు కావలసిన ప్రయాణం ఇంకో దారిలో దొరకాలంటే ఎంతవుతుందన్నది. కొత్త చిన్న కారు రోడ్డు మీదికి వచ్చేసరికి 7,80,000 అవుతుందన్నారు. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిందన్న మాట నిజమే, కానీ విడిభాగాల మీద కూడా అంతే తగ్గింది. కర్ణాటకలో కట్టాల్సిన జీవితకాల పన్ను ఎలాగూ బరువే. 2,00,000 చేతి నుంచి పెట్టి మిగతాది ఐదేళ్లకు అప్పు తీసుకుంటే నెలకు 12,000 పైచిలుకు వాయిదా. మెకానిక్ చెప్పిన ఖర్చు 48,000. బండిని ఇంకో రెండేళ్లు వాడుకుంటే నెలకు 2,000 పడుతుంది. ఇంకో సంగతి నువ్వూ గమనించే ఉంటావు: 55,000 పలికే బండికి 48,000 పెడితే అది 1,80,000 బండి అవుతుంది. అమ్మదలుచుకున్నా బాగుచేయించి అమ్మడమే మేలు. అదే 1,90,000 ఇంజనైతే ఈ లెక్క తలకిందులవుతుంది, అప్పుడు నీ మాటే వినేవాణ్ణి.

అమ్మేస్తే కిందటేడు క్లచ్చుకు, టైర్లకు పెట్టిన డబ్బు వృథా అవుతుందని మా ఆవిడ గట్టిగా వాదించింది. పోయిన డబ్బు పోయినట్టే, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నా అభిప్రాయం. ఆ క్లచ్చు, ఆ టైర్లు ఇంకా చాలా దూరం నడుస్తాయన్నది మాత్రం లెక్కే. ఏదో మూడు లక్షలకు సెకండ్ హ్యాండు బండి చూద్దామనీ అనుకున్నాం, కానీ దానికి ముందు యజమాని కూలెంటు పోశాడో బోరునీళ్లు పోశాడో మనకు తెలియదు. నా బండి లోపల ఏముందో నేను కళ్లారా చూశాను.

మధ్యలో తెలిసిన కుర్రాడొకడు, పాత ఇంజన్లు అమ్మే చోటు తెలుసు, 45,000కు అమర్చేస్తారని తీసుకెళ్లాడు. ఆ ఇంజను ఏ బండిదో కాగితం లేదు. నంబరు సంగతి ఏమిటని అడిగితే, "మీ పాత నంబరే దాని మీద మేం కొట్టి ఇస్తాం సార్" అన్నాడు అమ్మేవాడు. ఇంజను మారిస్తే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించాలి. పాత నంబరు దొంగతనంగా చెక్కించుకోవడం నేరం. అక్కడి నుంచి వెంటనే వచ్చేశాను. ఎవరైనా ఇలా చెబితే నువ్వూ ఒక్క క్షణం నిలబడకు.

నన్ను నిజంగా ఊగిసలాడించింది డబ్బు కాదు. మా 2012 బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి అన్ని కార్లలో తప్పనిసరి చేశారు, మాది అంతకు ఏడేళ్ల ముందుది. మా అమ్మాయి వెనక సీట్లో నిద్రపోతుండగా ఆ ఘాటు రోడ్డు మీద లారీల మధ్య వెళ్లిన రాత్రులన్నీ గుర్తుకొచ్చాయి. ఏ లెక్కా దీనికి బదులు చెప్పదు. మా ఆవిడా నేనూ రెండు రాత్రులు ఇదే మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. బండి బాగుచేయిస్తాం, కానీ దానితో ఇక హైవే ఎక్కం. బడి, ఆసుపత్రి, మార్కెట్టు, వర్షంలో రైల్వే స్టేషను, ఇంతవరకే. చిత్తూరుకు ఆర్టీసీ బస్సే. 2027లో ఆర్సీకి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి, ఫీజు కట్టి ఇంకో ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు గానీ, మేం పొడిగించం. ఈలోగా నెలకు 10,000 విడిగా వేస్తూ పోతే, అప్పటికి తక్కువ అప్పుతో, భద్రత ఉన్న బండి కొనగలం.

పని పన్నెండు రోజులు పట్టింది. గాస్కెట్ సెట్టు, హెడ్డు బోల్టులు, వాటర్ పంపు, థర్మోస్టాట్ జె.సి.రోడ్డు విడిభాగాల దుకాణాల్లో నేనే స్వయంగా తిరిగి బిల్లుతో కొన్నాను. పాత బోల్టులు మళ్లీ వాడొద్దని మెకానిక్ పట్టుబట్టాడు, అవి బిగించినప్పుడు సాగే రకం. రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి మార్పించాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, మనలాంటి పాత బండ్ల రబ్బరు దానికోసం తయారైంది కాదు కనుక పెట్రోలు గొట్టాలనూ వదల్లేదు. విప్పిన 6,000తో సహా మొత్తం 47,600 అయింది.

మీ మద్రాసులో 2023 డిసెంబరు మిచాంగ్ తుపానప్పుడు వేళచ్చేరిలో నీ కారు నీళ్లలో మునిగితే, తాళం తిప్పకుండా లాగించుకెళ్లి ఇంజను దక్కించుకున్నావు. మీ పక్కింటాయన స్టార్టు చేసి చూడబోతే, ఇంజనులో చేరిన నీళ్ల వల్ల పిస్టనుకు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. ఆనాడు నువ్వు చూపిన ఓపికే ఈసారి నాకు దారి చూపింది, ఆ మాట నీకు చెప్పాలనిపించింది.

నీ బండికి కూడా గొట్టాలు ఒక్కసారైనా మార్చావా? ఈ ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్టెత్తి, క్లిప్పుల దగ్గర గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూడు. గట్టిపడి కరకరమన్నా, పగుళ్లు కనిపించినా ఆలస్యం చేయకు. నేను కూలెంటు డబ్బా మీద మార్కరు పెన్నుతో గీత గీసి, రోజూ పొద్దున పాలు తేవడానికి వెళ్లేముందు చూస్తున్నాను. నెల దాటింది, నీళ్లు ఆ గీత మీదే ఉన్నాయి.

చెల్లెమ్మకు, పిల్లలకు మా అందరి ఆశీస్సులు. సంక్రాంతికి మేం రైల్లో వస్తాం, స్టేషనుకు నువ్వు రావాలి.

ఇట్లు,
నీ మిత్రుడు