పేరులో మా ఊరిని ఉండనివ్వండి సార్

గౌరవనీయులైన అధికారి గారికి,

మా కబడ్డీ జట్టును పక్క జిల్లాకు మారుస్తున్నారని, పేరులో గుంటూరు తీసేసి ఓ నాయకుడి ఇంటిపేరు పెడుతున్నారని మాకు చెప్పింది ఫ్లెక్సీ! బ్రహ్మానందరెడ్డి స్టేడియం దగ్గర టీ తాగుతుంటే కనిపించింది. ఆయన ముఖం తలుపంత, మా పిల్లలు స్టాంపు సైజు.

2012లో హైదరాబాద్ ఐపీఎల్ క్రికెట్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ పోయింది. ఆ చోట కొత్త జట్టును కొన్నవాళ్లు సన్‌రైజర్స్ అని పెట్టుకున్నా, వెనకాల హైదరాబాద్‌ను ఉంచారు. ఇక్కడ పైసా పెట్టనివాళ్లు (జెర్సీలు కూడా మేం చందాలేసుకుని కుట్టించినవే) ఊరినే ఎత్తేశారు.

"పైనుంచి ఫోనొచ్చింది" అన్నారు మీ ఆఫీసులో. ఆ పైన ఎవరో కాగితం మీద చెప్పండి. సోమవారం సమాచార హక్కు దరఖాస్తు ఇస్తున్నాను, గడువు 30 రోజులు. అప్పటిదాకా జెర్సీల మీద ‘గుంటూరు’ పీకొద్దని పిల్లలకు చెప్పాను.

ఇట్లు,
ఒక రైడర్ తండ్రి, బ్రాడీపేట