చప్పుళ్లను తెలుగులోనే వినిపించండి

సంపాదకులకు నమస్కారం.

హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్న సెలవుకు శ్రీకాకుళం వచ్చి, చల్లారిన పులుసును మైక్రోవేవ్‌లో పెడుతూ "డింగ్ చేస్తున్నానమ్మా" అన్నాడు. వేడెక్కాక మోగే గంట చప్పుడే అక్కడి కాంటనీస్ భాషలో వేడిచేయడమనే క్రియగా మారిందని, 1904 నుంచి నడుస్తున్న ట్రాములను కూడా వాటి గంటను బట్టి జనం "డింగ్ డింగ్" అంటారని వాడు చెప్పాడు.

చప్పుళ్లను అనుకరించే మాటల సంపద మనకూ తక్కువేమీ కాదు. పోపులో ఆవాలు చిటపటలాడతాయి, అన్నం కుతకుత ఉడుకుతుంది. చప్పుడే లేని వెలుగు సైతం మన నోట తళతళ మెరుస్తుంది. (దీన్ని అనుకరణ అనాలో, కల్పన అనాలో పండితులే తేల్చాలి.) ఖద్దరుకు పేరున్న పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వేటప్పుడు సన్నని గరగర వినిపిస్తుంది, ఆ దూదినే వింటి నారితో ఏకితే టంగుటంగుమంటుంది. రెండింటికీ ఒకే మాట వాడితే పని తెలిసినవారు నవ్వుతారు.

అయితే మీ ఆదివారం పిల్లల పేజీలోని బొమ్మకథల్లో తలుపు "నాక్ నాక్" అంటోంది, చెరువులో దూకిన కప్ప "స్ప్లాష్" అంటోంది. మా మనుమరాలు అలాగే చదువుతోంది. తలుపును టకటక కొట్టించి, కప్పను బుడుంగున దూకించవలసిందిగా ఆ పేజీ చూసేవారికి చెప్పగోరుతున్నాను.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం