చార్టు కంటే మాటలే బరువు

సంపాదకునికి,

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, ఇక్కడి బరంపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేరి 8 నెలలైంది. రోగులతో పేచీ లేదు, డాక్టర్లతోనూ లేదు. ఉన్నదల్లా సీనియర్ సిస్టర్లతోనే. డ్యూటీ మారేటప్పుడు ఏ బెడ్డుకు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో సగమే చెబుతారు. తర్వాత అందరి ముందూ రోగికిచ్చిన మందులు రాసే చార్టు ఎత్తి చూపి, ‘ఇదేనా చదివొచ్చింది?’ అంటారు. భాష తేడా వల్ల అనుకునేరు, ఎక్కువ మాటలనేది తెలుగామే!

మొన్న దసరాకి ఇంటికొచ్చింది. అర్ధరాత్రి నిద్రలోనే ‘చార్టు రాసేశాను మేడమ్’ అంది. వాళ్లమ్మ తెల్లారేదాకా పక్కనే కూర్చుంది.

‘మేమూ ఇలాగే పడ్డాం’ అంటారట సీనియర్లు. అత్త మీద కసి కోడలి మీద తీర్చుకోవడమన్నమాట. అయితే తప్పంతా వాళ్లదే అనలేను. జనరల్ ఆస్పత్రుల్లో 5గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. మా అమ్మాయి వార్డులో రాత్రిపూట 22 మందికి ఇద్దరే. ఇక చిరాకు ఎవరి మీద పోతుంది?

2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట కమిటీ ఉండాలి, కానీ అది లైంగిక వేధింపులకే. ఈ రకం వేధింపు ఎవరికి చెప్పుకోవాలి? ఇన్‌చార్జి మీద ఫిర్యాదు ఇన్‌చార్జికే ఇవ్వమంటున్నారు. కనీసం డ్యూటీ అప్పగింత రాతపూర్వకంగా, ఇద్దరి సంతకాలతో జరిగేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి.

— ఒక నర్సు తండ్రి, పర్లాకిమిడి, గజపతి జిల్లా